వార్మ్ షాఫ్ట్, వార్మ్ వీల్ చేయించాలంటే: ముందు హాబ్ వెతకండి

మిర్చి సీజన్లో మా షెడ్డుకి వచ్చే గిరాకీ ఎప్పుడూ ఒకే వేషంలో వస్తుంది. గుంటూరు కారం మిల్లు ఆయన ఆటో దిగి, గోనెసంచి విప్పి, గేర్‌బాక్స్ లోపలి సామానంతా బెంచీ మీద పోస్తాడు. కంచు చక్రం పళ్లు అరిగి అరిగి రంపపు పళ్లలా మొనదేలి ఉంటాయి. ఉక్కు వార్మ్ మాత్రం ఏమీ ఎరగనట్టు అద్దంలా మెరుస్తుంటుంది. "మేస్త్రి గారూ, యార్డులో మిర్చి టిక్కీలు దిగుతున్నాయి, ఇది రేపటికి అవుద్దా?"

అవదండీ. నాలుగు రోజులు. ఆ నాలుగు రోజుల్లో లేత్ తిరిగేది ఒక పూటే. మిగతాదంతా కొలతలు తీయడం, హాబ్ (చక్రం పళ్లు కోసే కట్టర్) కోసం విజయవాడ ఆటోనగర్ వీధులన్నీ తిరగడం, కంచు పోత చల్లారేదాకా కూర్చోవడం. మీరు మిల్లు యజమానైనా, కొత్తగా షెడ్డు పెట్టిన టర్నర్ అయినా ఈ పని ఎలా నడవాలో ఇక్కడ రాస్తున్నాను. మొదటి మాట ఒకటే. చాలామంది ముందు వార్మ్ కోసేసి, దానికి సరిపడే చక్రం కోయించడానికి బయలుదేరతారు. అది తిరగేసిన వరస.

వార్మ్ అంటే ఏమిటో తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. షాఫ్ట్ మీద లావుపాటి మరచుట్టు ఉంటుంది, అది వార్మ్. ఆ మరలో పళ్లు కూర్చునే చక్రం వార్మ్ వీల్. వార్మ్‌కి ఒకే చుట్టు ఉంటే, అది ఒకసారి తిరిగితే చక్రం ఒక్క పన్ను మాత్రమే జరుగుతుంది. 30 పళ్లుంటే మోటారు 30 సార్లు తిరిగాక చక్రం ఒకసారి తిరుగుతుంది. మీ ఇంట్లో టేబుల్ ఫ్యాన్ తల అటూ ఇటూ తిప్పేది ఇదే. గిటారు తీగ బిగించే చెవుల్లో ఉన్నదీ ఇదే. పత్తిలోంచి గింజ తీసే పాతకాలపు చెక్క యంత్రంలో రెండు కర్రలు ఎదురెదురుగా తిరగడానికి కర్రలోనే ఈ మర చెక్కేవాళ్లు మనవాళ్లు.

కొలతలు: ఇక్కడ పొరపడితే ఇక అంతే

చక్రం పళ్లు లెక్కపెట్టండి. ఒక పన్ను మీద చాక్‌పీసు గుర్తు పెట్టి, రెండుసార్లు, వీలైతే ఇద్దరు వేరువేరుగా. 30కి బదులు 31 అని రాసుకుని పోతలు పోయించినవాళ్లను చూశాను.

తర్వాత వార్మ్‌కి ఎన్ని చుట్లో చూడండి. వార్మ్ చివర నుంచి చూస్తే మరలు ఎన్నిచోట్ల మొదలవుతున్నాయో కనిపిస్తుంది. ఒకచోటైతే సింగిల్ స్టార్ట్, రెండుచోట్లయితే డబుల్. కుడి మరా, ఎడమ మరా అన్నది తెలియాలంటే వార్మ్‌ని నిలువుగా పట్టుకోండి. మర కుడివైపుకి ఎక్కుతుంటే కుడి మర. చక్రం కూడా అదే చేతివాటం. వార్మ్ కుడి అయితే చక్రం పళ్లూ కుడికే వాలి ఉంటాయి. మామూలు హెలికల్ గేర్లలో జతకి ఒకటి కుడి, ఒకటి ఎడమ ఉండటం చూసినవాళ్లు ఇక్కడ తికమక పడతారు.

ఇప్పుడు పిచ్. అంటే ఒక మర నుంచి పక్క మరకి షాఫ్ట్ పొడవునా ఉన్న దూరం. దీన్ని ఒక్క మర మీద కొలవకండి. వెర్నియర్‌తో నాలుగు మరల దూరం కొలిచి నాలుగుతో భాగించండి. ఈ మాట నేను ఊరికే చెప్పడం లేదు. షెడ్డు పెట్టిన కొత్తలో ఒక మిల్లు ఎలివేటర్ గేర్‌బాక్స్ వచ్చింది. వార్మ్ విరిగింది, చక్రం బాగానే ఉంది. ఒక్క మర కొలిచాను, 12.6కీ 12.7కీ మధ్య ఆడింది. నాలుగు మాడ్యూల్ అనుకున్నాను (మాడ్యూల్ అంటే పన్ను సైజు చెప్పే అంకె). నాలుగు మాడ్యూల్‌కి పిచ్ నాలుగు ఇంటూ పై (3.1416), అంటే 12.566. కోసి ఇచ్చేశాను. మూడోరోజు మళ్లీ సంచి వచ్చింది. నూనెలో బంగారు రజను, బాడీ మీద చెయ్యి పెట్టలేనంత వేడి. అప్పుడు పాత వార్మ్ ముక్క మీద నాలుగు మరలు కొలిస్తే 50.8. సరిగ్గా రెండంగుళాలు! అది అంగుళాల లెక్కలో, అర అంగుళం పిచ్‌తో తయారైన పాత విదేశీ యంత్రం. నాలుగు మాడ్యూల్ అయితే నాలుగు మరలకి 50.27 రావాలి. ఒక్క మర మీద ఆ తేడా 0.13, అరిగిన మర మీద కంటికి ఆనదు. నాలుగింటి మీద అర మిల్లీమీటరు, దాచినా దాగదు. చక్రం డబ్బులు కూడా నేనే పెట్టుకున్నాను.

వార్మ్ పైవ్యాసం కొలవడం తేలిక, అక్కడ అరుగుదల ఉండదు కాబట్టి. పైవ్యాసం 48 వచ్చి, మాడ్యూల్ 4 అయితే, రెండు మాడ్యూళ్లు తీసేస్తే 40. అది పిచ్ వ్యాసం, అంటే రెండింటి పళ్లూ కలిసే చోటు వ్యాసం. చక్రం పిచ్ వ్యాసం 30 పళ్లు ఇంటూ 4, 120. రెండూ కలిపి సగం చేస్తే 80. ఇప్పుడు గేర్‌బాక్స్ బాడీ తెప్పించుకుని, రెండు బేరింగ్ రంధ్రాల మధ్య దూరం కొలవండి. అది కూడా 80 వస్తే మీ లెక్కంతా నిజం. రాకపోతే రెండే కారణాలు. మీరు ఎక్కడో తప్పు కొలిచారు, లేదా తయారుచేసినవాడు చక్రం పళ్లను కావాలనే కాస్త జరిపి కోశాడు. రెండోదైతే కంగారు అక్కర్లేదు. ఆ సవరణ ఎప్పుడూ చక్రం మీదే ఉంటుంది, వార్మ్‌ని ముట్టుకోవద్దు. బాడీ లేకుండా సామాను మాత్రమే తెచ్చినవాళ్లని నేను వెనక్కి పంపిస్తాను. వార్మ్ అరుగుతుంది, చక్రం అరుగుతుంది, బాడీలో ఆ దూరం మాత్రం అలాగే ఉంటుంది.

హాబ్ వేట

వార్మ్ వీల్ కోసే కట్టర్‌ని హాబ్ అంటారు. మామూలు గేర్లకైతే మాడ్యూల్, పన్ను కోణం ఒకటైతే చాలు, ఏ హాబ్ అయినా కోస్తుంది. వార్మ్ వీల్‌కి అలా కాదు. ఇక్కడ హాబ్ అంటే మీ వార్మ్‌కి కవల. అదే మాడ్యూల్, అదే పిచ్ వ్యాసం, అన్నే చుట్లు, అదే చేతివాటం, అదే పన్ను కోణం (పన్ను పక్కల వాలు) ఉండాలి. తేడా ఒకటే, కవలకి పళ్లు పదునుగా ఉంటాయి. చక్రం పన్ను వార్మ్ చుట్టూ చేతులు చాచి కౌగిలించుకున్నట్టు లోపలికి వంగి ఉంటుంది. ఆ వంపు హాబ్ వ్యాసం నుంచే వస్తుంది. 40 వార్మ్‌కి 50 హాబ్‌తో కోస్తే ఆ కౌగిలి వదులైపోయి, పన్ను మధ్యలో చిన్న చుక్క మాత్రమే ఆనుతుంది.

అందుకే కొలతలు రాగానే లేత్ దగ్గరికి వెళ్లకండి. హాబింగ్ చేసే షెడ్లకి ఫోన్ చేసి ఇలా అడగండి: "నాలుగు మాడ్యూల్, సింగిల్ స్టార్ట్, కుడి, ఇరవై డిగ్రీలు, పిచ్ డయా నలభై." ఈ ఐదూ చెప్పకుండా "నాలుగు మాడ్యూల్ వార్మ్ హాబ్ ఉందా" అని అడిగితే అందరూ ఉందనే అంటారు. ఒక్క చక్రం కోసం కొత్త హాబ్ చేయిస్తే ఖర్చు చక్రం ఖరీదుని దాటిపోతుంది, వారాల తరబడి ఆగాలి. ఉన్న హాబ్‌కి తగ్గట్టు వార్మ్‌ని మలుచుకోవడమే చవక. వార్మ్ మన చేతిలో ఉంది కదా, ఎంతకైనా తిప్పొచ్చు.

ఉదాహరణకి 40 బదులు 44 పిచ్ డయా హాబ్ దొరికిందనుకోండి. వార్మ్ కూడా 44కే చేస్తాం, అంటే పైవ్యాసం 52. బాడీ 80 దగ్గరే ఉంది కాబట్టి చక్రాన్ని రెండు మిల్లీమీటర్లు లోపలికి కోయాలి. చక్రం గొంతు వ్యాసం, అంటే మధ్యలో లోతుగా ఉండే చోటు వ్యాసం, ఇలా లెక్కేయండి: సెంటర్ దూరానికి రెండింతలు, అందులోంచి వార్మ్ పిచ్ వ్యాసం తీసి, రెండు మాడ్యూళ్లు కలపండి. 160 లోంచి 44 తీసి 8 కలిపితే 124. మామూలుగా అయితే 128 ఉండేది. పన్ను మొదలు కొంచెం సన్నబడుతుంది. తేలిక కన్వేయర్‌కి నేను ఒప్పుకుంటాను, పెద్ద లోడు లాగే మిక్సర్‌కి ఒప్పుకోను. 52 వార్మ్ బాడీ గోడకి తగలకుండా తిరుగుతుందో లేదో కూడా ముందే చూసుకోండి.

హాబ్ చేతికి రాగానే మైక్రోమీటర్ పెట్టండి. వార్మ్ పైవ్యాసం 48 అయితే హాబ్ పైవ్యాసం కనీసం 49.6 ఉండాలి, ఎందుకంటే చక్రం పళ్ల అడుగున వార్మ్ తగలకుండా ఖాళీ వదలాలి. పదేపదే పదును పెట్టిన హాబ్ వ్యాసం తగ్గిపోతుంది. కవల కన్నా కాస్త లావు హాబ్ అయితే పన్ను మధ్యలో ఆనుతుంది, అది మంచిదే. సన్నదైతే పన్ను రెండు అంచుల్లో మాత్రమే ఆనుతుంది, నూనె లోపలికి పోవడానికి దారే ఉండదు. అలాంటి హాబ్‌ని ఎంత తక్కువకి కోస్తానన్నా వద్దనండి.

ఏ హాబూ దొరక్కపోతే ఫ్లై కట్టర్ ఉంది. ఒక ఇరుసు కడ్డీకి, అంటే మాండ్రిల్‌కి ఒకే ఒక పన్ను బిగించి, దాని మొన మధ్య నుంచి 24.8 మి.మీ. దూరంలో ఉండేట్టు పెట్టి, హాబింగ్ మెషీన్ మీద అడ్డంగా నెమ్మదిగా జరుపుతూ కోస్తారు. ఒక పన్నే అన్ని పళ్ల పనీ చేయాలి కాబట్టి పూటలు పడుతుంది. కానీ కోత శుభ్రంగా వస్తుంది. ఆ మెషీన్‌కి అడ్డంగా జరిగే స్లైడ్ ఉందో లేదో ముందే అడగండి, అది లేకపోతే ఈ పద్ధతి కుదరదు.

లోహం

వార్మ్‌కి ఉక్కు, చక్రానికి కంచు. ఎందుకు? ఇక్కడ పళ్లు ఒకదాని మీద ఒకటి దొర్లవు, రాసుకుంటూ జారతాయి. ఉక్కు మీద ఉక్కు జారితే అతుక్కుని చీరేసుకుంటాయి. మెత్తని కంచు తాను అరిగి ఉక్కుని కాపాడుతుంది, చవకైన ముక్క మార్చుకుంటే సరిపోతుంది అనుకోకండి, కంచే ఖరీదు.

వార్మ్‌కి పద్ధతిగా చేస్తే 20 ఎంఎన్‌సీఆర్5 లాంటి కేస్ హార్డెనింగ్ ఉక్కు. మర కోసి, పక్కకి 0.2 నుంచి 0.3 మి.మీ. గ్రైండింగ్‌కి వదిలి, 900 డిగ్రీల పైన కార్బన్ ఎక్కించి, నూనెలో ముంచి, 58 నుంచి 62 హెచ్‌ఆర్‌సీ గట్టిదనం తెచ్చి, మరని గ్రైండ్ చేయాలి. థ్రెడ్ గ్రైండర్ అందుబాటులో లేకుండా ఈ దారి పట్టకండి. హీట్ ట్రీట్‌మెంట్‌లో షాఫ్ట్ వంగుతుంది, వంగిన మరని సరిచేసే దారి ఉండదు. చిన్న షెడ్డుకి నా సలహా ఈఎన్19 లేదా ఈఎన్24, ముందే టఫెన్ చేసిన (వేడి పెట్టి గట్టిపరిచిన) ఉక్కు బార్. దాన్ని అలాగే కోసి, మర పక్కల్ని పాలిష్ చేయండి. ఇంకా గట్టిగా కావాలంటే నైట్రైడింగ్‌కి పంపండి. అది ఉక్కు పైపొరకి నైట్రజన్ ఎక్కించడం, 500 డిగ్రీల చుట్టూ జరుగుతుంది కాబట్టి వంకర దాదాపు రాదు. ఈఎన్8 చేత్తో తిప్పే గేటుకి, రోజుకి నాలుగుసార్లు తిరిగే వాల్వ్‌కి సరిపోతుంది. రోజంతా తిరిగే మిల్లుకి పెట్టకండి.

చక్రానికి ఫాస్ఫర్ బ్రాంజ్, అంటే రాగిలో 10 నుంచి 12 శాతం తగరం, కొద్దిగా ఫాస్ఫరస్. మార్కెట్లో గన్‌మెటల్ అని ఇచ్చేదాంట్లో తగరం సగమే ఉండి, సీసం, జింకు కలిసి ఉంటాయి. బుష్షుకి బాగుంటుంది, ఈ పనికి త్వరగా అరుగుతుంది. ఇత్తడి అసలు వద్దు. తిప్పుతూ పోసిన పోత, అంటే సెంట్రిఫ్యూగల్ పోత అడగండి. మొదటి కోత పడగానే ఉపరితలం మీద సూదిమొన చిల్లులు కనిపిస్తే అక్కడే ఆపి వెనక్కిచ్చేయండి. లోపలికి పోతే శుభ్రంగా ఉంటుందిలే అనేది పోత పోసినవాడి ఆశ.

చక్రం మొత్తం కంచుతో చేయించక్కర్లేదు. మన ఉదాహరణలో వెడల్పు 36, పైవ్యాసం 132. నిండు బిళ్ల అయితే 4.3 కిలోలు. మధ్యలో 90 మి.మీ. పోత ఇనుప హబ్ (మధ్య దిమ్మ, కోసే హాబ్ కాదు) పెట్టి, పైన రింగు మాత్రం కంచుది పెడితే 2.3 కిలోలు. రింగుని వేడిచేసి హబ్ మీద ఎక్కించండి, పట్టు, అంటే రింగు రంధ్రం కన్నా హబ్ ఎంత లావో ఆ తేడా, 0.05 నుంచి 0.08 మి.మీ. దాకా. ఎక్కించాక రింగుకీ హబ్‌కీ మధ్య గీత మీద మూడుచోట్ల రంధ్రం చేసి మర వేసి స్క్రూలు బిగించి, తలలు కొట్టేయండి. ఇది ఎందుకంటే కంచు ఇనుము కంటే ఎక్కువ వ్యాకోచిస్తుంది. గేర్‌బాక్స్ 50 డిగ్రీలు వేడెక్కితే ఆ పట్టులో దాదాపు 0.03 పోతుంది. స్క్రూలు లేని రింగు మే నెల మధ్యాహ్నం హబ్ మీద జారడం మొదలుపెడుతుంది. ఉదయం చల్లారాక మళ్లీ గట్టిగా ఉంటుంది, తప్పు ఎక్కడుందో దొరకదు.

వార్మ్ కోయడం

బార్‌ని రెండు చివరలా సెంటర్ డ్రిల్ చేయండి. ఆ సెంటర్లే చివరిదాకా ఈ పనికి ఆధారం. పైవ్యాసం 48, బేరింగ్ చోట్లు గ్రైండింగ్‌కి 0.3 మి.మీ. వదిలి తిప్పండి. మర ఉండే పొడవు మన 30 పళ్ల చక్రానికి 55 మి.మీ. చాలు. దానికి రెండువైపులా టూల్ దిగడానికి, లేవడానికి గాడి తీయండి, లోతు 30 మి.మీ. వ్యాసం దాకా. మర అడుగు వ్యాసం 30.4 కాబట్టి గాడి దానికన్నా కాస్త లోతు.

లీడ్‌స్క్రూ పిచ్ 6 మి.మీ. ఉన్న లేత్ అనుకుందాం (లీడ్‌స్క్రూ అంటే టూల్ మోసే క్యారేజ్‌ని నడిపే పొడుగు మర). గేర్‌బాక్స్ మీద మాడ్యూల్ పట్టిక ఉంటే లివర్లు దాని ప్రకారం పెట్టండి, ఈ పేరా వదిలేయండి. లేకపోతే పై బదులు 22/7 వాడి గేర్లు ఎక్కించాలి. 4 ఇంటూ 22/7, భాగారం 6. తీసి చూస్తే 44/21 వస్తుంది. తిప్పే గేర్లు 55, 80. తిరిగే గేర్లు 35, 60. పిచ్ 12.571 వస్తుంది, కావలసింది 12.566. తేడా ఒక మరకి అయిదు మైక్రాన్లు, మన పనికి ఏమీ కాదు. బళ్లో నేర్చుకున్న 3.14 కంటే 22/7 అసలు విలువకి దగ్గర అని చెబితే మా షెడ్డులో కుర్రాళ్లు నమ్మరు, ఫోన్‌లో లెక్కేసి చూసి తలూపుతారు.

టూల్ హెచ్‌ఎస్‌ఎస్‌దే మంచిది. కోణం మొత్తం 40 డిగ్రీలు, అటు 20 ఇటు 20. మొన వెడల్పు 2.79. గేజి రేకు కోసుకుని దాంతో సరిచూస్తూ పదును పెట్టండి. మర్చిపోయేది పక్క క్లియరెన్స్. మర వాలు పిచ్ వ్యాసం దగ్గర 5 డిగ్రీల 43 నిమిషాలు ఉంటుంది, అడుగుకి పోయేకొద్దీ 7.5 డిగ్రీలవుతుంది. టూల్ ముందు పోయేవైపు పక్క దానికి ఇంకో మూడు డిగ్రీలు కలిపి, పదిన్నర దాకా వెనక్కి వాలాలి. లేకపోతే టూల్ కోయదు, రుద్దుతుంది. మర పక్క మెరుస్తూ, అలలు అలలుగా వస్తుంది.

ముందు ఒక గీత. 0.1 మి.మీ. లోతు, అంతే. లేత్ ఆపి నాలుగు గీతల దూరం కొలవండి. 50.28 రావాలి. వస్తేనే ముందుకి.

వేగం నిమిషానికి 30 తిప్పులు మించకండి. ఆ వేగానికే క్యారేజ్ సెకనుకి ఆరు మిల్లీమీటర్ల పైన పరిగెడుతుంది. 55 మి.మీ. మర తొమ్మిది సెకన్లలో అయిపోతుంది. గాడిలోకి రాగానే ఎడమచేత్తో టూల్ వెనక్కి లాగాలి, కుడిచేత్తో మోటారు తిప్పాలి. రెండు గంటల పాటు ఇదే. మొదటి పది కోతల్లో గుండె దడదడలాడుతుంది, తర్వాత చేతులు వాటంతటవే వెళ్తాయి, అసలు ప్రమాదం అప్పుడే. హాఫ్‌నట్ (క్యారేజ్‌ని లీడ్‌స్క్రూకి పట్టించే నట్టు) మాత్రం మర పూర్తయ్యేదాకా విప్పకండి. ఈ పిచ్ లీడ్‌స్క్రూతో కలవదు కాబట్టి విప్పితే టూల్ మళ్లీ అదే గాడిలో పడదు. లేత్‌ని వెనక్కి తిప్పే క్యారేజ్‌ని తెచ్చుకోవాలి. మర బిగింపు ఉన్న పాత చక్ అయితే వెనక్కి తిప్పేటప్పుడు ఊడి వచ్చే ప్రమాదముంది, దానికి తాళం బిగించండి. పొడుగు చేతుల చొక్కా, మెడలో తువ్వాలు లేత్ దగ్గరికి రాకూడదు.

మొత్తం లోతు 8.8 మి.మీ. నిండు టూల్‌తో నేరుగా దించితే లేత్ అరుస్తుంది. ముందు సన్నని టూల్‌తో లోతు తీసి, తర్వాత ఒక పక్క, ఆ తర్వాత రెండో పక్క, చివర్లో నిండు టూల్‌తో 0.02, 0.03 చొప్పున తేలిగ్గా. కటింగ్ ఆయిల్ ధారాళంగా పొయ్యండి. పూర్తయిందని ఎలా తెలుస్తుంది? గేర్ టూత్ వెర్నియర్‌ని 4 మి.మీ. ఎత్తుకి పెట్టి మర మందం చూడండి. లెక్క ప్రకారం 6.25. పళ్ల మధ్య ఆట కోసం దాన్ని 6.1కి తేవాలి. ఆట ఎప్పుడూ వార్మ్‌ని సన్నబరిచే ఇవ్వండి, చక్రం పళ్లను సన్నబరిచి కాదు.

డబుల్ స్టార్ట్ అయితే మొదటి మర అయ్యాక, టాప్ స్లైడ్‌ని షాఫ్ట్‌కి సమాంతరంగా పెట్టి, డయల్ గేజి ఆనించి సరిగ్గా ఒక పిచ్ జరిపి రెండో మర కోయండి. గేర్లు లీడ్‌కి, అంటే రెండు పిచ్‌లకి వేసి ఉండాలన్నది మర్చిపోవద్దు.

మర మొదట్లో, చివర్లో కాగితంలా పలచబడే కొసలుంటాయి. వాటిని ఆకురాయితో తీసేయండి. విరిగి నూనెలో పడితే కొత్త కంచుని అవే గీరతాయి.

చక్రం

రింగు ఎక్కించిన చక్రాన్ని మాండ్రిల్ మీద బిగించి, 132 పైవ్యాసం, మధ్యలో 128 గొంతు వచ్చేట్టు వంపు తిప్పండి. చివరి కోతకి ముందు గంటసేపు చల్లారనివ్వండి. తిప్పీ తిప్పీ 30 డిగ్రీలు వేడెక్కిన కంచు 132 మీద 0.07 మి.మీ. ఎక్కువ చూపిస్తుంది.

హాబింగ్ షెడ్డులో మీరు నిలబడి చూడాల్సినవి రెండు. ఒకటి, హాబ్ తల వాల్చకూడదు. మామూలు గేర్లకి కోణం తిప్పే అలవాటు మీద ఆపరేటర్ ఇక్కడా తిప్పేస్తాడు. వార్మ్ బాడీలో ఎలా కూర్చుంటుందో హాబ్ కూడా అలాగే, చక్రం ఇరుసుకి సరిగ్గా అడ్డంగా కూర్చోవాలి. రెండు, హాబ్ నడిమధ్య చక్రం నడిమధ్యకి ఎదురుగా ఉండాలి. తర్వాత హాబ్‌ని పైనుంచి కిందికి నడపరు, నేరుగా చక్రం లోపలికి తోస్తారు. హాబ్ ఇరుసుకీ చక్రం ఇరుసుకీ మధ్య 80 వచ్చేదాకా. మీ వార్మ్‌ని వెంట తీసుకెళ్లండి. మెషీన్ మీద నుంచి దించకముందే చక్రంలో పెట్టి చూడండి.

హాబింగ్ మెషీన్ దొరకని అవస్థలో పాత పద్ధతి ఒకటుంది. మిల్లింగ్ మెషీన్ మీద, చక్రాన్ని సమాన భాగాలుగా తిప్పే డివైడింగ్ హెడ్‌తో ముందు గాళ్లు వేయాలి. 30 పళ్లకి ఒక పన్నుకి హ్యాండిల్ ఒక పూర్తి చుట్టు, 15 రంధ్రాల వరసలో మరో 5 రంధ్రాలు. టేబుల్‌ని వార్మ్ వాలుకి తిప్పి, లోతులో కొంచెం మిగల్చాలి. ఆ తర్వాత లేత్‌లో సెంటర్ల మధ్య హాబ్ పెట్టి, చక్రాన్ని క్రాస్ స్లైడ్ మీద స్వేచ్ఛగా తిరిగేట్టు నిలబెట్టి, కొంచెం కొంచెం లోపలికి తోయాలి. హాబే చక్రాన్ని తిప్పుకుంటూ గాళ్లని సరిచేస్తుంది. అన్నట్టు ఆ డివైడింగ్ హెడ్ లోపల ఉన్నది కూడా 40 పళ్ల వార్మ్ వీలే. గాళ్లు వేసి, హాబ్ పని మానేసి, "పళ్లు కలుస్తున్నాయిగా" అని బిగించేవాళ్లున్నారు. కలుస్తాయి. సన్నని గీత మీద ఆనుతూ వారం తిరుగుతాయి.

జత కలపడం

వార్మ్ మర పక్కలకి ప్రష్యన్ బ్లూ (పళ్లు ఆనిన చోటు చూపించే నీలిరంగు) పలచగా అద్దండి. బాడీలో బిగించి, చేత్తో తిప్పి, చక్రం పళ్ల మీద మచ్చ ఎక్కడ పడిందో చూడండి. రెండువైపులా తిరిగే యంత్రమైతే పన్ను మధ్యలో పడాలి. ఒకే వైపు తిరిగేదైతే వార్మ్ బయటికి వెళ్లే వైపుకి కొంచెం జరిగి పడితే ఇంకా మంచిది, లోపలికి వచ్చే వైపు నూనెకి సందు దొరుకుతుంది. మచ్చ ఒక అంచుకి పోతే బేరింగ్ మూతల కింద షిమ్ములు (పలచని రేకులు) అటుదిటు మార్చి, మచ్చ ఎటు పడిందో చక్రాన్ని అటే జరపండి. మళ్లీ అద్దండి, మళ్లీ చూడండి. మా షెడ్డులో ఇది ఎప్పుడూ నాలుగైదు సార్లు పడుతుంది. పన్నుకి ఒక పక్క ఈ అంచునా, రెండో పక్క ఆ అంచునా మచ్చ పడితే మాత్రం షిమ్ముల వల్ల కాదు. బాడీ రంధ్రాలు ఒకదానికొకటి లంబంగా లేవన్నమాట, బోరింగ్‌కి పంపాల్సిందే.

వార్మ్ షాఫ్ట్ ముందుకీ వెనక్కీ 0.05 కన్నా ఎక్కువ కదలకూడదు. చక్రాన్ని తిప్పే బలమంతా వార్మ్ మీద షాఫ్ట్ పొడవునా తోపుగా పడుతుంది, బాల్ బేరింగులు దానికి ఆగవు, టేపర్ రోలర్లు వేయండి.

నూనె ఐఎస్‌ఓ వీజీ 460, వార్మ్ గేర్లకని రాసి ఉన్నది. లారీ డిఫరెన్షియల్ నూనె మిగిలిందని పోయకండి. దాంట్లో గంధకం కలిపిన మందులుంటాయి, వేడికి అవి కంచుని తింటాయి. వార్మ్ కిందా చక్రం పైనా ఉండే బాక్స్‌లో నూనె వార్మ్ సగానికి రావాలి. నిండా పోస్తే చిలికి చిలికి ఇంకా వేడెక్కుతుంది.

మొదటి రెండు గంటలు ఖాళీగా తిప్పండి. ఆ రోజంతా సగం లోడు. వేడి పుట్టడం ఈ జతకి సహజం. సింగిల్ స్టార్ట్ వార్మ్‌లో మోటారు ఇచ్చే బలంలో మూడోవంతు దాకా రాపిడికే పోతుంది. కానీ నూనె 90 డిగ్రీలు దాటితే ఆపేయండి. ఇంకో మాట. ఇంత తక్కువ వాలున్న వార్మ్ వెనక్కి తిరగదని, చక్రం వైపు నుంచి తిప్పితే పట్టేసుకుంటుందని అంటారు. నిలబడి ఉన్నప్పుడు నిజమే. అదురు ఉంటే జారుతుంది. బస్తాలు పైకి లేపే హాయిస్ట్‌కి వార్మ్ ఉంది కదా అని బ్రేక్ తీసేసిన చోట నేను కింద నిలబడను.

నూరు నూటయాభై గంటలకి మొదటి నూనె దింపేయండి. తెల్లగుడ్డలోంచి వడకడితే కంచు పొడి మెరుస్తుంది, మొదటిసారి అది ఉండటం మామూలే. రెండోసారి కూడా అంతే ఉంటే బ్లూ డబ్బా తీసుకుని మళ్లీ మచ్చ చూడండి.

మూత బిగించే ముందు దాని లోపలి పక్కన పెయింట్‌తో నాలుగు అంకెలు రాయిస్తాను నేను: మాడ్యూల్ 4, కుడి 1/30, వార్మ్ 40, సెంటర్ 80. ఐదేళ్ల తర్వాత ఇంకో సీజన్లో, ఇంకెవరి బెంచీ మీదో గోనెసంచి విప్పినప్పుడు, ఆ మూత కూడా సంచిలో ఉంటే ఒక రోజు కలిసొస్తుంది.